డాల్ఫిన్ గారి వారసుడు

మొగపాలెంలో డాల్ఫిన్‌ని ఎవరూ డాల్ఫిన్ అనరు. మనోడు అంటారు. తెప్ప పక్కన నీళ్లు చీల్చుకుని నల్లటి వీపు తేలితే "అదిగో, మనోడొచ్చినాడు" అని చెయ్యెత్తి పలకరిస్తారు. చేపకు పాలుండవు, మనోడికి ఉంటాయి. బిడ్డను పక్కలో వేసుకుని పాలిచ్చి పెంచే జీవి నీళ్లలో ఉన్నా గట్టు మీద ఉన్నా ఒకటే కులమని ఆ ఊరి లెక్క. అందుకే అది వలలో పడితే వల కోసైనా వదిలేస్తారు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే, మొదట చూసిన మగవాడు కొడుకు స్థానంలో నిలబడాలి. పసుపునీళ్లు పొయ్యాలి, కొత్త గుడ్డ కప్పాలి, ఇసకలో గొయ్యి తీసి పాతిపెట్టాలి, కుండ పగలగొట్టి వెనక్కి చూడకుండా ఇంటికి పోవాలి. ఎందుకని అడిగినవాడు ఊళ్లో ఇంతవరకు లేడు. అడిగేవాళ్లు ఆఫీసుల్లో ఉంటారు.

ఆ వేసవిలో మనోడొకడు చచ్చి ఒడ్డుకొచ్చాడు. మొదట చూసింది సూరాడ బండియ్య.

బండియ్య మాట పొదుపు మనిషి. రోజు మొత్తం మీద అతను మాట్లాడేదంతా పోగుచేసినా, అతని పెళ్లాం పెంటమ్మ ఒక్క వంజరం చేపకు చేసే బేరంలో సగం ఉండదు. చిన్నప్పటినుంచి ఊరందరి తెప్పల మీద కూలికిపోయి, అందరి తిట్లూ తిని, ఈ ఏడే సొంత తెప్ప చేసుకున్నాడు. నీలం రంగు వేశాడు. ముందువైపు రెండు కళ్లు రాయించాడు. కానీ అది నీళ్లు తాకేలోగా వేట నిషేధం వచ్చి పడింది. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా, సర్కారు వారు వేట ఆపేస్తారు. నిషేధం ఎత్తేసిన రోజు మొదటి తెప్ప తనదే దిగాలని బండియ్య కోరిక. ఆ కోరికను అతను ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే వెళ్లి తెప్ప అంచు మీద చెయ్యి వేసి నిలబడేవాడు. ఊరికంతా తెలిసిపోయింది.

అలా నిలబడ్డప్పుడే చూశాడు. పెద్దదే. ఒంటినిండా అమ్మవారు పోసినట్టు పుండ్లు. అంత పుండ్లున్న మనోణ్ణి అతను ఎప్పుడూ చూడలేదు. ఆచారం ప్రకారం చెయ్యవలసిందంతా చేశాడు. పెంటమ్మ తన కొత్త చీరే తెచ్చి కప్పింది. పక్క ఊరి విలేకరి ఒకడు అటుగా పోతూ, తడిగుడ్డతో భుజాన కుండ పెట్టుకున్న బండియ్యను ఫోటో తీశాడు. మర్నాడు పేపర్లో "డాల్ఫిన్‌కు కొడుకై కర్మ" అని పడింది.

"ఒలే, మా మావ బొమ్మ పడ్డాది సూడండి! పెళ్లినాడు కూడా ఇంత బాగా అగుపడనేదు!" అని పెంటమ్మ వీధి వీధంతా తిప్పింది.

ఆ బొమ్మను మరొకరు కూడా చూశారు.

* * *

సాగరజల నైర్మల్య మండలి వారి జీపు వచ్చి ఇసకలో కూరుకుపోయింది. ఊరివాళ్లు తోసి పైకి తెచ్చాక అందులోంచి మండలి ఉపసంచాలకులు చక్రపాణి గారు దిగారు. వెంట ఒక గుమస్తా, ప్రయోగశాల నుంచి డాక్టర్ నీరజ అనే అమ్మాయి ఉన్నారు. చక్రపాణి గారు తెల్లని బూట్లు వేసుకున్నారు. బూట్లకు ఇసక అంటకుండా నడవాలని చూసి, అది కుదరక, ఉన్నచోటే నిలబడ్డారు.

"మృతదేహమును పూడ్చిపెట్టిన వ్యక్తి ఎవరు?"

బండియ్య ముందుకొచ్చాడు.

"మృతునికిని నీకును గల సంబంధమేమి?"

బండియ్య కొంచెం ఆలోచించాడు. ఇందులో అబద్ధమాడవలసింది ఏమీ కనబడలేదు.

"మనోడు, బాబూ."

"రాసుకో," అన్నారు చక్రపాణి గారు గుమస్తాతో. "మృతుడు తమవాడేనని సదరు వ్యక్తి స్వచ్ఛందంగా అంగీకరించినాడు."

గొయ్యి తవ్వించారు. డాక్టర్ నీరజ ముక్కుకు గుడ్డ కట్టుకుని కొవ్వు ముక్క ఒకటి కోసి సీసాలో పెట్టుకుంది. సముద్రపు నీళ్లు కూడా ఒక సీసా పట్టాలన్నారు. ఆ ఒడ్డుకు ఉత్తరాన మందుల ఫ్యాక్టరీ గొట్టం ఒకటి సముద్రంలోకి పోతుంది. అది పోయినంత మేరా నీళ్లు డికాషను రంగులో ఉంటాయి. నీరజ అటు నడవబోయింది.

"అక్కడ కాదమ్మా," అన్నారు చక్రపాణి గారు. "నమూనాకు నీరు స్వచ్ఛముగాను, నిర్మలముగాను ఉండవలెను. రంగునీరు పరీక్షకు పనికిరాదు. పరికరము పాడైపోవును."

నిర్మలంగా ఉన్న నీళ్లకోసం జీపు దక్షిణానికి చాలా దూరం పోయింది.

* * *

కొన్నాళ్లకు బండియ్యకు విచారణకు రమ్మని పిలుపొచ్చింది. పెంటమ్మ, కులపెద్ద దానయ్య కూడా వెళ్లారు. మండలి ఆఫీసులో పెద్ద బల్ల, దానికి అటు చక్రపాణి గారు, ఆయన పక్క కుర్చీలో మందుల ఫ్యాక్టరీ మేనేజరు గారు. మేనేజరు గారు ఆసక్తి కొద్దీ వచ్చారట. అందరికీ జీడిపప్పు పెట్టించింది కూడా ఆయనే.

"మొదట శుభవార్త," అన్నారు చక్రపాణి గారు. "సముద్రము నిర్దోషి. నీటిలోని రసాయనములన్నియు పరిమితికి లోబడియే ఉన్నవి. మృతుని కొవ్వులో మాత్రము పరిమితికి అనేక రెట్లు అధికముగా ఉన్నవి. డాక్టరుగారు వివరించెదరు."

నీరజ లేచింది. "నీళ్లలో కొంచెమే ఉంటుంది సార్. కానీ నాచునుంచి చిన్న చేపకు, చిన్న చేపనుంచి పెద్ద చేపకు, అక్కణ్ణించి డాల్ఫిన్‌కు పోతూ పోతూ పేరుకుంటుంది. ఒకసారి కొవ్వులోకి దిగితే ఇక బయటికి రాదు. రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. ఆ పుండ్లు అందుకే. పైగా తల్లి ఒంట్లో ఉన్నది పాలతోపాటు బిడ్డకు దిగుతుంది. తొలిచూలు పిల్లలకే ఎక్కువ దిగుతుంది. చాలామటుకు పిల్లలు దక్కవు."

పెంటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెంటమ్మ తొలిచూలు బిడ్డ కూడా దక్కలేదు. అది ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"పేరుకొనుట అనగా కూడుట. అంతే కదా?" అన్నారు చక్రపాణి గారు.

"అవును సార్."

"ఎవరి వద్ద కూడినది?"

"డాల్ఫిన్ ఒంట్లో సార్."

"అనగా డాల్ఫిన్ కూడబెట్టినది."

"కూడబెట్టడం కాదు సార్, అదే..."

"పెద్ద సముద్రములో చిటికెడు, చిన్న శరీరములో గంపెడు. ఊరందరివద్ద లేని బంగారము ఒక్కని ఇంట దొరికిన, వానిని ఏమందుము? హానికర రసాయనములు నిల్వచేయువారికి లైసెన్సు ఉండవలెను. నిల్వస్థలమునకు ప్రహరీ, గట్టి నేల, పైకప్పు, మంటలార్పు సిలిండరు, 'పొగ త్రాగరాదు' అను బోర్డు ఉండవలెను. మృతుని వద్ద వీటిలో ఏదియు లేదు."

"మా దగ్గర అన్నీ ఉన్నాయండీ," అన్నారు మేనేజరు గారు వినయంగా.

"ప్రశంసనీయము. ఇక రెండవ అంశము. ఈ నిల్వ మృతుని స్వార్జితమా, వంశపారంపర్యమా? తల్లిపాలతో సంక్రమించినదని డాక్టరుగారే చెప్పినారు. కనుక ఇది స్త్రీధనము. ఆస్తి వలె సంక్రమించునది, బాధ్యత వలె కూడ సంక్రమించును. మృతునిపై చర్య తీసుకొనుటకు వీలులేదు. వారసుడు ఎవరు?"

గుమస్తా పేపరు బొమ్మ బల్లమీద పరిచాడు. తడిగుడ్డ, భుజాన కుండ, వెనక సముద్రం.

"కర్మ చేసినవాడే వారసుడు," అన్నారు చక్రపాణి గారు.

డాక్టర్ నీరజ ఏదో అనబోయి నోరు తెరిచింది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. నోరు మూసుకుంది.

దానయ్య లేచాడు. "బాబూ, ఈడు దానికి కొడుకేటి? ఇంత మనిషి ఆ కడుపులో ఎలగ పడతాడు? మా ఆచారం అది. ఎవుడు ముందు సూత్తే ఆడు సేత్తాడు. రేపు నానే ముందు సూసుంటే..."

"మీరు కూడ బంధువులేనా? రాసుకో."

దానయ్య చటుక్కున కూర్చున్నాడు. "నాను సూళ్లేదు బాబూ. నాకు కళ్లు సరిగ్గా అగుపడవు."

వారసుడు తన నిల్వకు ప్రహరీ, కప్పు, సిలిండరు సమకూర్చి లైసెన్సు పొందేవరకు అతని చరాస్తిని స్వాధీనం చేసుకోవాలని ఉత్తర్వు అయింది. బండియ్యకు ఉన్న చరాస్తి ఒక్కటే. మర్నాడు మండలి వారు వచ్చి నీలం తెప్పచుట్టూ ఎర్ర పట్టీ కట్టారు. ముందువైపు రాయించిన కళ్ల మీదనుంచి కట్టడంతో తెప్ప గంతలు కట్టిన గానుగెద్దులా ఉంది.

* * *

మండలి వారు అక్కడితో ఆగలేదు. చనిపోయినవాడికి ఒక మంద ఉంది. ఆ మంద అంతా లైసెన్సు లేకుండా నిల్వలు మోసుకుని తిరుగుతోంది. పిల్లలకు పాలిస్తున్న ప్రతి తల్లీ రవాణా పర్మిట్టు లేకుండా సరుకు బదిలీ చేస్తోంది. దీనికి ముందు అవగాహన కల్పించాలని, తరువాతే జరిమానా అని చక్రపాణి గారు నిర్ణయించారు. ఆయన కఠినాత్ములు కారు.

మేనేజరు గారు మంటలార్పే సిలిండర్లు, బోర్డులు విరాళంగా ఇచ్చారు. "ఇచట రసాయనములు నిల్వచేయరాదు" అని రెండు భాషల్లో రాసిన బోర్డులను పీపాలకు కట్టి సముద్రంలో వదిలారు. ఆ పీపాలు ఫ్యాక్టరీవే. వాటిమీద లోగడ ఉన్న పుర్రెబొమ్మకు సున్నం కొట్టారు.

తరవాత మరబోటుకు మైకు కట్టి డాల్ఫిన్లకు చాటింపు వేశారు. మీవాళ్లు మీ మాటయితే వింటారని బండియ్యను కూడా ఎక్కించుకున్నారు. బండియ్య కెరటాల మీదికి వెళ్లి చాలాకాలమైంది. బోటు ఊగుతుంటే అతని కాళ్లు వాటంతటవే సర్దుకున్నాయి. పక్కనే చక్రపాణి గారు బోటు అంచు పట్టుకుని వాంతి చేసుకుంటున్నారు.

"గౌరవనీయులైన సముద్ర క్షీరదములకు విజ్ఞప్తి," అని గుమస్తా చదివాడు. "మీ కొవ్వునందలి నిల్వలను తక్షణమే సమీప కార్యాలయమున అప్పగించి రసీదు పొందవలసినది. తల్లులు తమ పాలను పరీక్ష చేయించుకొనిన పిదపనే పిల్లలకు పట్టవలెను."

మనోళ్లు నలుగురైదుగురు తేలి, బోటుచుట్టూ ఒక చుట్టు చుట్టి, గొట్టం వైపు పోయారు. అక్కడ నీళ్లు వెచ్చగా ఉంటాయి.

"వారేమన్నారు?" అని అడిగారు చక్రపాణి గారు, మూతి తుడుచుకుంటూ.

"ఏటీ అన్నేదు బాబూ."

"మౌనము అంగీకారము. రాసుకో."

* * *

వేట నిషేధం ఎత్తేసే రోజు దగ్గరికొచ్చింది. ఊళ్లో వలలు బాగుచేసుకుంటున్నారు, ఇంజన్లు విప్పి కడుగుతున్నారు. బండియ్య మాత్రం ఎర్ర పట్టీకి ఇవతల నిలబడి తెప్పను చూస్తున్నాడు.

"ఎన్నాళ్లు నిల్చుంటావు గుంజలాగ?" అంది పెంటమ్మ. "ఎల్లి సెప్పీ, అది నాకేటీ కాదని. మనోడు కాడని ఒక్క మాట అనీ. పోయినోడు ఇంటాడేటి?"

"ఆచారం..." అన్నాడు బండియ్య.

"ఆచారం తెప్పెక్కి వేటకి ఎల్తాదేటి నీ బదులు? నా కొత్త చీర కప్పినాను, నాను ఏడవనేదు. అంతకంటే ఏటి సేత్తాం ఆడికి?"

ఆ రోజంతా బండియ్య అన్నం ముట్టలేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్లి, తల వంచుకుని, "అది నాకేటీ కాదు బాబూ. మనోడు కాడు," అన్నాడు. బయటికొచ్చి కుళాయి దగ్గర నోరు కడుక్కున్నాడు.

కానీ చక్రపాణి గారు నోటిమాటలు నమ్మే మనిషి కారు.

"పూర్వము అంగీకరించి ఇపుడు కాదనుచున్నాడు. నోటిమాటకు విలువ లేదు. రక్తసంబంధమును రక్తమే తేల్చవలెను."

నీరజ వచ్చి బండియ్య చెయ్యి పట్టుకుని నెత్తురు తీసింది. "నొప్పి ఉండదు బాబాయ్," అంది. ఆ ఆఫీసులో అతన్ని వరస పెట్టి పిలిచింది ఆ పిల్లొక్కతే. సూది దిగుతుంటే అతను సూదివైపు చూడలేదు, ఆమె ముఖంవైపు చూశాడు. ఆమె ముఖం బాగాలేదు.

ఫలితం వచ్చినరోజు బల్ల దగ్గర అందరూ మళ్లీ చేరారు. నీరజ కాగితం చదవలేక చక్రపాణి గారికే ఇచ్చింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివారు. ముఖం వెలిగిపోయింది.

"నా ఉద్యోగకాలములో ఇంతటి స్పష్టమైన రుజువును చూడలేదు! మృతుని శరీరములో ఏయే రసాయనములు ఉన్నవో, అవియే ఇతని రక్తములో ఉన్నవి. అదే వరుస, అదే పాళ్లు. కవలపిల్లలలో కూడ ఇంత పోలిక ఉండదు."

"ఇద్దరూ తినేది ఒకే చేపలు సార్," అంది నీరజ. ఈసారి ఆమె నోరు మూసుకోలేదు. "అదే సముద్రం, అదే గొట్టం. అందుకే ఒకటే ఉంది. వీళ్లకి వైద్యం కావాలి సార్. ఊరందరికీ కావాలి."

"అనగా కంచము పొత్తు కూడ ఉన్నది. ఉమ్మడి కుటుంబము. రాసుకో."

పెంటమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "ఏటి బాబూ, రాసుకో రాసుకో! మా మావ ఒంట్లోకి ఆ ఇసం ఎలగొచ్చింది, అది రాయవేటి? ఆడేటైనా దొంగతనానికి ఎల్లి తాగొచ్చినాడా? ఈ బాబు గొట్టంలోంచి కాదేటి?"

మేనేజరు గారు జీడిపప్పు పళ్లెం ఆమె వైపు జరిపారు.

"అమ్మా, ఆవేశపడకుము," అన్నారు చక్రపాణి గారు. "సముద్రము పరిమితికి లోబడి ఉన్నది. నీ భర్త పరిమితి దాటి ఉన్నాడు. తప్పెవరిదో పసిపిల్లవానికైనను తెలియును. అయినను మండలి దయాహృదయము కలది. నిల్వ ఎచట ఉన్నదో ఇపుడు స్పష్టమైనది, కనుక తెప్పను ఉంచుకొనుట అనవసరము. తెప్పను విడుదల చేయడమైనది."

బండియ్య తలెత్తాడు. అతని ముఖంలో వెలుగు చూసి దానయ్య కూడా నవ్వాడు.

"అయితే," అన్నారు చక్రపాణి గారు, "పరిశుభ్రమైన సముద్రములోనికి పరిమితి మించిన నిల్వను పోనిచ్చుట కాలుష్య నేరము. కనుక సదరు బండియ్య సముద్రమును తాకరాదు. ఒడ్డున కాపలా ఏర్పాటు చేయబడును. కుటుంబ సభ్యులందరికి, అనగా ఊరందరికి, రక్తపరీక్షా శిబిరము నిర్వహింపబడును. శిబిరమునకు మేనేజరు గారు బిస్కెట్లు ఇచ్చెదరు."

మరుసటి నెల నుంచి కాంట్రాక్టు పొడిగించేది లేదని నీరజకు అక్కడే చెప్పారు.

* * *

శిబిరాన్ని నిషేధం ఎత్తేసే రోజునే పెట్టారు. ఊరంతా ఆ రోజు ఒడ్డునే ఉంటుంది కనుక సౌకర్యమని.

మొగపాలెం వాళ్లకు చదువు లేదుగాని లెక్క తెలుసు. సముద్రం నీళ్లను గొట్టం దగ్గర పరీక్ష చెయ్యలేదు, అందుకని సముద్రం శుభ్రం. బండియ్య నెత్తుటిని పరీక్ష చేశారు, అందుకని బండియ్య పాడు. ఈ రెండూ తెలిశాక ఇంకొకరు చెప్పవలసింది లేదు. తెలతెలవారుతుండగా శిబిరం టెంటు వేస్తున్నవాళ్లు గునపాలు దించేసరికి, ఊరి మగవాళ్లంతా తెప్పలు నీళ్లలోకి తోసేశారు. తల నెరిసినవాళ్లు, కాలు కుంటివాళ్లు, కళ్లు సరిగా అగుపించని దానయ్యతో సహా అందరూ ఎక్కేశారు.

ఒడ్డున మిగిలింది నీలం తెప్ప, బండియ్య.

ఇసక తడిసే చోటికి కాస్త ఇవతల తాడు కట్టి ఉంది. తాడు దగ్గర హోంగార్డు ఒకడు ఈలతో నిలబడ్డాడు. పెంటమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంటూ వచ్చింది. వెనకే, పక్క ఊరినుంచి వచ్చిన ఆమె తమ్ముడు ఎల్లాజీ వల మోసుకొస్తున్నాడు.

"ఎక్కడికే?" అన్నాడు బండియ్య.

"వేటకి."

"ఆడది తెప్పెక్కకూడదు."

"ఆడి కాయితంలో ఆడది ఎక్కకూడదని నేదు. నువ్వెక్కకూడదని ఉంది. నీ నెత్తురు సూసీసినారు మావా. నాది ఇంకా ఎవుడూ సూళ్లేదు. సూసినదాకా నాను సుబ్బరంగా ఉన్నట్టే."

ఆమె ఎల్లాజీతో కలిసి తెప్పను తోసింది. మొదటి కెరటం తెప్పను ఎత్తి పడేసింది. పెంటమ్మ బోర్లా పడి, లేచి, అంచు పట్టుకుంది. ఎల్లాజీ ఇంజను లాగుతున్నాడు. అది పట్టుకోవడం లేదు. తెప్ప అడ్డం తిరుగుతోంది.

జన్మలో గొంతెత్తని బండియ్య గొంతెత్తాడు.

"ఒలే! ఎడమకి! ఎడమకి తిప్పు! కెరటానికి ఎదురు పెట్టు! కూకో, నిల్చోకు! ఎల్లాజీ, ఇంజను సోకు లాగరా! ఒలే, సేతులు ఇడవకు! కూకోయే పెంటా, కూకో!"

ఇంజను పట్టుకుంది. నీలం తెప్ప రెండో కెరటం మీదికెక్కి అవతలికి దిగింది. పెంటమ్మ కూర్చునే ఉంది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది కాబోలు, ఎండలో సరిగా కనబడలేదు. బండియ్య ఇంకా అరుస్తూనే ఉన్నాడు. మూడో కెరటం ఎలా దాటాలో, వల ఎక్కడ వదలాలో, ఇన్నాళ్లూ లోపల దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికొస్తున్నాయి.

హోంగార్డు ఈల ఊదాడు.

"ఏయ్! అరవకు. తాడు దాటి నీ నోటి తుంపరలు సముద్రంలో పడుతున్నాయి. నామీద కేసవుద్ది. నోరు మూసుకుని అవతలికెళ్లు."

బండియ్య అతనివైపు చూశాడు. తెప్పవైపు చూశాడు. అది మూడో కెరటం ముందుకు చేరుతోంది. నోట్లో ఊరిన ఉమ్మిని మింగేసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.